ఇంజన్ భాగాలకు పౌడర్ కోటింగ్ చేయించాలా, పెయింట్ వేయించాలా?

పాత అంబాసిడర్‌నో, జీపునో ఇంజన్ దింపి పూర్తిగా బాగు చేయించుకునేవారికి పని సగంలో ఉండగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. భాగాలన్నీ విప్పి, డీజిల్‌తో కడిగి, గోనెపట్టా మీద పరిచిన తర్వాత వాటికి పెయింట్ వేయించాలా, పౌడర్ కోటింగ్‌కు పంపించాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇంజన్ మళ్లీ బిగించాక మనసు మార్చుకుంటే విప్పుడు కూలీ, ప్యాకింగుల (గాస్కెట్ల) ఖర్చూ మొదటి నుంచి పెట్టుకోవలసి వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఇందులో అందం కంటే బండి ఆయుష్షే పెద్ద విషయం. భోగాపురం నుంచి కళింగపట్నం, భావనపాడు, బారువ దాకా తీరం వెంబడి తిరిగే బండికి ఉప్పుగాలి ఏడాది పొడవునా తగులుతూనే ఉంటుంది. బానెట్ కింది వేడికి తడి త్వరగా ఆరిపోయినా ఉప్పు మాత్రం బోల్టు సందుల్లో, బ్రాకెట్ల మూలల్లో మిగిలిపోయి, మళ్లీ తేమ తగలగానే తుప్పు పట్టిస్తుంది.

చాలామంది ఈ రెంటిలో ఏది గొప్పదో తేల్చి ఇంజన్ మొత్తానికి అదే చేయించాలని చూస్తారు. నా దృష్టిలో ఆ దారే సరైనది కాదు. ఒక్కో భాగాన్ని చేతిలోకి తీసుకుని, అది ఎంత వేడెక్కుతుంది, దాని మీద ఏ ద్రవం పడుతుంది, లోహం తప్ప మరేమీ మిగలకుండా దాన్ని విప్పగలమా అని చూసుకుంటే, ఏది తగునో దాదాపు దానంతట అదే తేలిపోతుంది. అలా చూసుకుంటూ పోతే ఒకే ఇంజన్‌లో కొన్నింటికి పౌడరు, కొన్నింటికి ఇంజన్ ఎనామెల్, ఒకటి రెండింటికి బాగా వేడిని తట్టుకునే సిలికోన్ పెయింటు అవసరమవుతాయి. కొన్నింటికి అసలు ఏ పూతా వద్దు.

పూత ఎలా ఏర్పడుతుంది

పౌడర్ కోటింగ్‌లో ద్రవం ఉండదు. రెసిన్, రంగు, గట్టిపరిచే పదార్థం కలిపి మెత్తగా నూరిన పొడిని గన్‌తో చిమ్ముతారు. గన్ దగ్గర ఆ పొడికి విద్యుదావేశం ఎక్కుతుంది, కొక్కేనికి వేలాడదీసిన భాగం ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి పొడి వెళ్లి దానికి అంటుకుంటుంది. ఆ తర్వాత ఓవెన్‌లో సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 20 నిమిషాలు ఉంచితే పొడి కరిగి, పరుచుకుని, రసాయనికంగా ముడిపడి గట్టి పొరగా మారుతుంది. ఆ పొర మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పెయింట్‌లో రంగు, రెసిన్ రెండూ థిన్నర్‌లో కలిసి ఉంటాయి. థిన్నర్ ఎగిరిపోయాక, రకాన్ని బట్టి గాలితోనో, హార్డెనర్‌తోనో, వేడితోనో గట్టిపడుతుంది. ఒక్కో కోటు ఆరిన తర్వాత 25 మైక్రాన్ల అటూ ఇటూగా మిగులుతుంది.

ఈ తేడా నుంచే మిగతా మంచీ చెడూ పుట్టుకొస్తాయి. పౌడర్ పొర మందంగా, దెబ్బకు ఓర్చుకునేదిగా ఉంటుంది. పెట్రోలు, ఇంజన్ ఆయిలు పడినా మెత్తబడదు. అయితే ఆ మందమే మరలు తిరిగే చోట, ప్యాకింగ్ కూర్చునే చోట, బేరింగ్ పట్టే చోట శత్రువవుతుంది. ఒక రంధ్రం లోపలి గోడకు 80 మైక్రాన్ల పొర పడితే రెండు పక్కలా కలిపి వ్యాసం 0.16 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. బేరింగు అందులో దూరకుండా పోవడానికి ఆ మాత్రం చాలు. విద్యుదావేశం వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. లోతైన గాళ్లలోకి, దగ్గర దగ్గరగా ఉన్న పక్కటెముకల నడుమకు పొడి సరిగా వెళ్లదు, అంచుల మీదే పేరుకుంటుంది. అలాంటి ఆకారమున్న పోత భాగాలకు గన్‌తో పలుచగా వేసిన పెయింటే సమంగా కూర్చుంటుంది.

ఇక మరమ్మతు విషయం. పెయింట్ ఒకచోట లేస్తే ఇంటి దగ్గరే ఎమరీ పేపరుతో రుద్ది, ప్రైమరు వేసి, రంగు దిద్దుకోవచ్చు. పౌడర్ లేస్తే ఆ ఒక్కచోటే మళ్లీ పౌడర్ వేయడం కుదరదు. పైకి చిన్న గీతలా కనిపించినా, దాని గుండా దిగిన తేమ పొర కింద పక్కలకు పాకుతుంది, కొంతకాలానికి గోరుతో లాగితే పెచ్చు పెచ్చుగా లేచి వస్తుంది. మొత్తం తీయాలంటే మళ్లీ గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే బ్లాస్టింగో, ఘాటైన రిమూవరో కావాలి. అందువల్ల తరచూ స్పానరు తగిలే చోట, అడుగున రాళ్లు కొట్టే చోట పౌడర్ ఎంత గట్టిదైనా నేను పెయింటు వైపే మొగ్గుతాను.

వేడి లెక్క

ఇంజన్ నడిచేటప్పుడు రేడియేటర్ నీరు సుమారు 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి బ్లాకు, హెడ్డు పైభాగాలు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. మెకానిక్కులు చాంబర్ అనే ఆయిల్ సంపు దీనికి కాస్త పైన, 130 దాకా వెళ్లవచ్చు. హెడ్డు మీద మూతలా ఉండే ట్యాపెట్ కవర్ దాదాపు వంద దగ్గర, ఇన్‌టేక్ మేనిఫోల్డ్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు, బ్యాటరీ ట్రే ఇంకా తక్కువలో ఉంటాయి. వీటిలో దేనికైనా మామూలు పాలియెస్టర్, ఎపాక్సీ పౌడర్లు వేడి విషయంలో సరిపోతాయి. ఇంజన్ పొగ బయటకు వెళ్లే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ సంగతి వేరు. అది మామూలు నడకలోనే కొన్ని వందల డిగ్రీలకు వెళుతుంది, సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు బరువుతో ఉన్న బండిలో ఇంకా పెరుగుతుంది. దాని మీద మామూలు పౌడర్ మొదటి ప్రయాణంలోనే గోధుమరంగుకు తిరిగి, పొగ పెట్టి, మాడిపోతుంది. సిలికోన్ ఆధారిత ప్రత్యేక పౌడర్లు ఉన్నాయి గానీ ఎక్కువగా కిటికీల పని చేసే మన పౌడర్ షాపుల్లో అవి దొరకడం కష్టం. పైగా కొన్ని పాత ఇంజన్లలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డులు ఒకే పక్కన ఆనుకుని ఉంటాయి కాబట్టి, చల్లటి భాగమని అనుకున్నది కూడా పక్కవాడి వేడిని పంచుకుంటుందేమో చూసుకోవాలి.

అనుమానమున్న భాగానికి వేడి కొలుచుకోవడం కష్టం కాదు. ఇంజన్ విప్పకముందే, అరగంట నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడాలి. అయితే మెరిసే అల్యూమినియం మీద ఆ పరికరం ఉన్నదాని కంటే బాగా తక్కువ చూపిస్తుంది. వంద డిగ్రీల అటూ ఇటూ ఉండే భాగమైతే దాని మీద చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి, అది లోహమంత వేడెక్కాక ఆ ముక్క మీదనే కొలిస్తే నమ్మదగిన అంకె వస్తుంది. అలా చూసినప్పుడు 150కి లోపల ఉన్న భాగాన్నే మామూలు పౌడర్‌కు అర్హమైనదిగా ఎంచడం క్షేమం.

పెయింటు డబ్బా మీద ఎక్కువ డిగ్రీలు రాసి ఉంటే అన్నింటికీ అదే మంచిదనుకోవడం చాలా చోట్ల చూస్తున్న పొరపాటు. 600 డిగ్రీలు తట్టుకునే సిలికోన్ స్ప్రే పూర్తిగా గట్టిపడాలంటే దానికి సుమారు 200 డిగ్రీలు, కొన్ని రకాలకు 300 డిగ్రీల పైన వేడి అవసరం. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు ఆ వేడి తానుగా దొరుకుతుంది. అదే స్ప్రేను బ్లాకుకో, చాంబర్‌కో వేస్తే అవి ఎప్పటికీ అంత వేడెక్కవు కాబట్టి పూత పచ్చిగానే మిగిలిపోయి, డీజిల్ గుడ్డతో ఒక్కసారి తుడవగానే గుడ్డకు అంటుకు వస్తుంది. బ్లాకుకు, హెడ్డుకు, చాంబర్‌కు ఇంజన్ ఎనామెల్ అని అమ్మే రకమే సరైనది. డబ్బా మీద ఎంత వేడి తట్టుకుంటుందన్న దానితోపాటు ఎంత వేడిలో గట్టిపడుతుందన్నది కూడా చదివి కొనాలి.

ఓవెన్‌లోకి వెళ్లకూడనివి

రబ్బరు, ప్లాస్టిక్, గ్రీజు, సీలు, ఫైబరు, తీగచుట్ట ఉన్నదేదీ ఓవెన్‌లోకి వెళ్లకూడదు. ఇది చెప్పడానికి సులువే, పని దగ్గరకు వచ్చేసరికి కొన్ని కంటికి కనబడకుండా దాక్కుంటాయి. క్రాంక్ పుల్లీ చూడటానికి ఒకే ఇనుప ముద్దలా ఉంటుంది, కానీ చాలా ఇంజన్లలో లోపలి బొడ్డుకూ బయటి వలయానికీ మధ్య రబ్బరు పట్టీ అంటించి ఉంటుంది. ఓవెన్ వేడికి ఆ అతుకు వదిలేస్తే పుల్లీ కొన్నాళ్లు బాగానే తిరిగి, ఒకరోజు దారి మధ్యలో బయటి వలయం జారిపోతుంది. ఇంజన్ కూర్చునే రబ్బరు ఫౌండేషన్లు, వాటర్ పంపు, డైనమో, సెల్ఫ్ మోటర్, కార్బొరేటర్, డీజిల్ పంపు ఇవన్నీ ఓవెన్‌కు దూరంగా ఉండవలసినవే. వాటర్ పంపు బాడీకి రంగు కావాలంటే నోరు మూసి, షాఫ్టుకు టేపు చుట్టి, పలుచగా పెయింటు వేస్తే చాలు. బెల్టు నడిచే గాడిలో మాత్రం ఏ పూతా వేయకూడదు, బెల్టు దాన్ని ఎలాగూ అరగదీసి పొడి చేస్తుంది.

స్ప్రింగులను, గట్టిపరిచిన బోల్టులను కూడా పౌడర్‌కు పంపకపోవడం మంచిది. పోతపోసి, వేడితో గట్టిపరిచిన అల్యూమినియం భాగాలు సుమారు 150 నుంచి 180 డిగ్రీల మధ్యనే తమ బలాన్ని పొంది ఉంటాయి. వాటిని 200 దగ్గర ఎక్కువసేపు ఉంచినా, మళ్లీ మళ్లీ కాల్చినా ఆ బలం కొంత తగ్గుతుంది. ఇంజన్ బరువు మోసే అల్యూమినియం బ్రాకెట్లకు అందుకే నేను పెయింటే ఎంచుకుంటాను. రేకుతోనో మందపాటి ఇనుప పట్టీతోనో చేసిన బ్రాకెట్లకు ఈ భయం లేదు, అవి పౌడర్‌కు బాగా నప్పుతాయి.

రేడియేటర్‌కు పౌడర్ ఎందుకు వద్దో ఒక్క మాట. సన్నని రెక్కల మీద మందపాటి పొర పడితే వేడి బయటకు పోవడానికి అడ్డంకి అవుతుంది, రెక్కల సందులు కూడా మూసుకుపోతాయి. పలుచని నల్ల రంగు ఒక కోటు చాలు.

పోత అల్యూమినియం కవర్లు

పౌడర్ కోటింగ్ ఎక్కువగా చెడేది ఇక్కడే. పోత అల్యూమినియంలో కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి ఆయిల్ తగిలిన ట్యాపెట్ కవర్ ఆ రంధ్రాల్లో నూనెను పీల్చుకుని ఉంటుంది. పైపైన కడిగితే శుభ్రంగానే కనిపిస్తుంది. ఓవెన్‌లో 180 దాటగానే లోపలి గాలి, నూనె ఆవిరి బయటకు తోసుకు వస్తాయి, సరిగ్గా అదే సమయానికి పైన పౌడర్ కరిగి పొరగా సాగుతూ ఉంటుంది. విజయనగరంలో ఒక షాపులో ఓవెన్ నుంచి అప్పుడే తీసిన ఎర్రటి కవర్‌ను దగ్గరగా చూశాను. దూరానికి అద్దంలా ఉంది, వెలుతురుకు వంచి చూస్తే గుండుసూది తలంత బుడగలు బోల్టు రంధ్రాల చుట్టూ గుంపుగా లేచి ఉన్నాయి. చల్లారాక ఒకదాన్ని సూదిమొనతో పొడిస్తే అడుగున నల్లటి జిడ్డు తడి ఉంది. ఆ కవర్ మీద రంగు ఎంత కాలం నిలుస్తుందో అక్కడే తెలిసిపోయింది.

దీనికి మందు ముందస్తు కాల్పు. పౌడర్ వేయకముందే ఉత్త భాగాన్ని పౌడర్ కాల్చే వేడికి 10, 20 డిగ్రీలు ఎక్కువలో అరగంట నుంచి గంట ఉంచి, బయటకు వచ్చిన జిడ్డును థిన్నర్‌తో తుడిచి, మళ్లీ కాల్చి, ఇక ఏ మరకా రావడం లేదని నిర్ధారించుకున్నాకే పౌడర్ వేయాలి. షాపువారు ఇందుకు ఒప్పుకోకపోతే ఆ కవర్‌కు ఎపాక్సీ ప్రైమరు మీద ఇంజన్ ఎనామెల్ వేయించుకోవడమే మేలు. అంబాసిడర్‌లోని బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్‌కు ఉన్నట్టు రేకుతో అచ్చుకొట్టిన ట్యాపెట్ కవర్ అయితే ఈ రంధ్రాల బాధ లేదు, పౌడర్ దాని మీద చక్కగా కూర్చుంటుంది. కానీ దానికి మరో ప్రమాదముంది, దాని సంగతి కింద చెబుతున్నాను.

బ్లాస్టింగ్, ఇసుక, ఉప్పు

పూత ఏదైనా దాని ఆయుష్షును నిర్ణయించేది కింది లోహాన్ని ఎలా తయారు చేశారన్నదే. తుప్పును, పాత రంగును పూర్తిగా తీయడానికి బ్లాస్టింగ్ మంచి మార్గమే, కానీ ఇంజన్ లోపలి ఆయిల్‌తో సంబంధమున్న ఏ భాగాన్నయినా బ్లాస్టింగ్‌కు పంపేముందు రెండుసార్లు ఆలోచించాలి. రేకు ట్యాపెట్ కవర్లలో, చాంబర్లలో లోపల చిన్న రేకు అడ్డు స్పాట్ వెల్డింగ్‌తో అతికించి ఉంటుంది. ఆ రేకుకూ కవర్‌కూ మధ్య సందులో ఇసుక దూరితే కడిగినా, గాలి కొట్టినా పూర్తిగా రాదు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు వేడి ఆయిల్ ఆ ఇసుకను మెల్లగా కడిగి చాంబర్‌లోకి, అక్కడి నుంచి పంపులోకి, బేరింగుల్లోకి తీసుకుపోతుంది. కొత్తగా వేసిన బేరింగులు కొద్ది కాలంలోనే గీతలు పడి పాడైపోతాయి. అలాంటి కవర్లను లోపలి వైపు గట్టిగా మూసి బయటి వైపు మాత్రమే బ్లాస్ట్ చేయించాలి, అది కుదరకపోతే రసాయన రిమూవర్‌తో, తీగ బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలి. బ్లాకును, హెడ్డును బ్లాస్టింగ్‌కు పంపించడం మంచిది కాదని నా దృఢాభిప్రాయం. పొడి ఇసుకతో చేసే బ్లాస్టింగ్ దుమ్ము ఊపిరితిత్తులకు శాశ్వత హాని చేస్తుంది కాబట్టి ఆ పని జరుగుతుండగా దగ్గర నిలబడకూడదు.

బ్లాస్ట్ చేసిన ఇనుము మన ప్రాంతపు గాలిలో కొద్ది గంటల్లోనే లేత నారింజ రంగుకు తిరుగుతుంది. శ్రీకాకుళంలో బ్లాస్ట్ చేయించి, వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విశాఖ ఆటోనగర్‌కు మర్నాడు పౌడర్‌కు తీసుకువెళితే, దారిలోనే తుప్పు మొలిచిన లోహం మీద పౌడర్ వేసినట్టవుతుంది. బ్లాస్టింగూ పౌడరూ ఒకే కప్పు కింద, ఒకే రోజు జరిగే చోటుకు ఇవ్వాలి.

ఇక ఉప్పు. తీర మండలాల్లో నడిచిన బండి భాగాలను రుద్దకముందే మంచినీటితో బాగా కడగాలి, ఎందుకంటే ఉప్పు ఉన్న లోహాన్ని రుద్దితే అది పోకుండా గీతల్లోకి దిగుతుంది. పూత కింద మిగిలిన ఉప్పు బయటి తేమను పొర గుండా లోపలికి లాక్కుని నీటి బుడగలు లేపుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరునీరే ఉప్పగా ఉంటుంది కాబట్టి ఆఖరి కడుగుకు ఆర్వో నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో వాడడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

పౌడర్ షాపులో మాట్లాడుకోవలసినవి

మన రెండు జిల్లాల్లో పౌడర్ కోటింగ్ షాపులు ఎక్కువగా అల్యూమినియం కిటికీలు, గేట్లు, గ్రిల్స్, బీరువాల పని మీద నడుస్తాయి. ఆ పనిలో వాళ్లకు మంచి చేయి ఉంటుంది, కానీ ఇంజన్ భాగం వాళ్లకు అలవాటైన సరుకు కాదు. కిటికీ ఫ్రేము పలుచని లోహం, ఓవెన్‌లో పెట్టిన కొద్ది నిమిషాల్లోనే గాలితో సమానంగా వేడెక్కుతుంది. మందపాటి పోత బ్రాకెట్ అలా కాదు. ఓవెన్ గడియారం 15 నిమిషాలు చూపించినా, లోహం 180కి చేరడానికే ఆ సమయమంతా పట్టవచ్చు. పౌడర్ కంపెనీ చెప్పే సమయం లోహం ఆ వేడికి చేరిన తర్వాత మొదలయ్యే సమయమని, ఓవెన్ తలుపు వేసినప్పటి నుంచి కాదని షాపువారితో ముందే మాట్లాడుకోవాలి. కిటికీలతో కలిపి ఒకే విడతలో కాల్చకుండా, మందపాటి భాగాలను విడిగా కాల్చమని అడగాలి.

ఉడికిందో లేదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. పూర్తిగా చల్లారాక, లోపలి వైపు కనబడని చోట థిన్నర్‌లో ముంచిన తెల్ల గుడ్డతో పాతిక సార్లు గట్టిగా రుద్దాలి. మెరుపు కొంచెం తగ్గితే ఫరవాలేదు. గుడ్డకు రంగు చిక్కగా అంటుకున్నా, పూత జిగటగా మెత్తబడినా అది సరిగా ఉడకలేదని అర్థం. అలాంటిది పెట్రోలు తగిలిన మొదటి రోజే లేచిపోతుంది.

ఏ రకం పౌడర్ వేస్తారో కూడా అడగాలి. ఎపాక్సీ పౌడర్ పెట్రోలుకు, ఆయిలుకు బాగా ఓర్చుకుంటుంది. ఎండలో తెల్లబారిపోతుంది గానీ, బానెట్ కింద ఎండ తగలదు కాబట్టి ఇబ్బంది లేదు. పాలియెస్టర్ ఎండకు నిలుస్తుంది, ఇంజన్ గదిలో కూడా సరిపోతుంది. ఇనుప భాగాలకు పౌడర్‌కు ముందు ఫాస్ఫేటింగ్ చేస్తారా అన్నది రంగు కంటే ముఖ్యమైన ప్రశ్న. ఏడు తొట్టెల ప్రక్రియ ఉన్న షాపు అయితే జిడ్డు తీయడం, తుప్పు తీయడం, ఫాస్ఫేట్ పొర పట్టించడం వరుసగా జరుగుతాయి, తీరప్రాంతపు బండికి ఆ పొరే అసలైన కాపు. గుడ్డతో తుడిచి నేరుగా పౌడర్ కొట్టే షాపుకు ఇంజన్ భాగాలు ఇవ్వకపోవడం మంచిది, ధర తక్కువైనా సరే.

ఎక్కడెక్కడ పౌడర్ పడకూడదో మాటలతో చెప్పి వదిలేయకండి. ప్యాకింగ్ ముఖాలకు, బేరింగ్ ఇళ్లకు వేడిని తట్టుకునే ఆకుపచ్చ పాలియెస్టర్ టేపు మీరే దగ్గరుండి అంటించండి. మర రంధ్రాలకు సిలికోన్ బిరడాలు పెట్టించండి, అవి లేకపోతే పాత బోల్టులు బిగించి ఉంచినా పనికొస్తుంది. బోల్టు తల కూర్చునే చోటును చాలామంది మర్చిపోతారు. అక్కడ మందపాటి పౌడర్ ఉంటే బిగింపు ఒత్తిడికి అది మెల్లగా నలిగి పలుచబడుతుంది, అంత మేరకు బోల్టు వదులవుతుంది. డైనమో బ్రాకెట్ ఒకసారి వదులైతే బెల్టు కూత మొదలవుతుంది, ఆపైన బ్రాకెట్టే పగులుతుంది.

పెయింట్ ఎంచుకున్న భాగాలకు

పోత ఇనుప బ్లాకు ఎప్పుడూ పెయింట్‌దే. కిరోసిన్‌తో, డీజిల్‌తో కడగడం మొదటి మెట్టు మాత్రమే, ఎందుకంటే అవి తాము కూడా ఒక సన్నని జిడ్డు పొరను వదిలిపెడతాయి. ఆ తర్వాత డిటర్జెంటు కలిపిన వేడినీటితో బ్రష్షు పట్టి రుద్ది, కడిగి, కంప్రెసర్ గాలితో సందులన్నీ ఆరబెట్టి, చివరగా శుభ్రమైన గుడ్డతో థిన్నర్ తుడవాలి. నీటి చుక్కలు వేస్తే అవి ముత్యాల్లా విడిపోకుండా పలుచగా పరుచుకుంటే జిడ్డు పోయిందని లెక్క.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు పెయింట్ వేయకూడదు. వర్షాకాలంలోనూ, అక్టోబరు, నవంబరుల్లో తుపాను ముసురు పట్టిన రోజుల్లోనూ చల్లటి ఇనుము మీద కంటికి కనబడని చెమ్మ పట్టి ఉంటుంది. లోహాన్ని ఎండలో పెట్టో, హాట్ ఎయిర్ గన్‌తో వెచ్చబరచో, చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడు మొదలుపెట్టాలి. ఇనుముకు ఎపాక్సీ ప్రైమరు, అల్యూమినియానికి దానికి తగిన ప్రైమరు ఒక పలుచని కోటు వేసి, దాని మీద ఇంజన్ ఎనామెల్ మూడు పలుచని కోట్లు, మధ్య మధ్య పది నిమిషాల విరామంతో వేయాలి. ఒకేసారి దట్టంగా వేస్తే పైన తోలు కట్టి లోపల థిన్నర్ చిక్కుకుపోతుంది, ఇంజన్ వేడెక్కగానే అది బుడగలుగా లేస్తుంది.

హార్డెనర్ కలిపి వేసే టూకే పెయింట్లు పెట్రోలుకు బాగా నిలుస్తాయి. అయితే ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటి తుంపర పీల్చితే ఉబ్బసం వంటి జబ్బు పట్టుకునే ప్రమాదముంది. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు గానీ, బట్ట మాస్కు గానీ దాన్ని ఏమాత్రం ఆపలేవు. సరైన స్ప్రే బూత్, బయటి గాలి అందించే మాస్కు ఉన్న పెయింటరుకే ఆ పని ఇవ్వాలి, ఇంటి పెరట్లో మాత్రం చేయవద్దని మనవి.

బ్రేక్ ఆయిల్ పడే చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాస్టర్ సిలిండర్ కింది బ్రాకెట్ మీద డాట్ 3, డాట్ 4 ఆయిల్ ఒక చుక్క పడినా మామూలు ఎనామెల్ ముడతలు పడి లేచిపోతుంది. పౌడర్ దానికంటే బాగా ఓర్చుకుంటుంది గానీ, దాన్ని కూడా వెంటనే నీళ్లతో కడిగేయాలి. బ్యాటరీ ట్రేకు, ఈ బ్రాకెట్‌కు నేను సందేహం లేకుండా పౌడర్‌నే సిఫారసు చేస్తాను.

తిరిగి బిగించేటప్పుడు

పౌడరైనా పెయింటైనా కరెంటును ఆపేస్తుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ తీగ బిగించే చోట, సెల్ఫ్ మోటర్ కూర్చునే ముఖం మీద, డైనమో బ్రాకెట్ తాకే చోట ఉత్త లోహం కనబడాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, మరొకటి బ్లాకు మీద ఆనిస్తే దాదాపు సున్నా చూపించాలి. అలా చూపించకపోతే ఎర్త్ దగ్గర పూత గీకి, బిగించి, పైన గ్రీజు పూయాలి. కొత్తగా రంగు వేయించిన ఇంజన్ స్టార్ట్ కాక ఇబ్బంది పడే సందర్భాల్లో సెల్ఫ్ మోటర్‌ను విప్పకముందు ఈ ఒక్కటీ చూసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

పౌడర్ వేయించిన బ్రాకెట్ల బోల్టుల కింద వాషర్లు వేయాలి, ఇంజన్ రెండు మూడు సార్లు పూర్తిగా వేడెక్కి చల్లారాక వాటి బిగింపు (టార్కు) మళ్లీ చూసుకోవాలి. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు సిలికోన్ పెయింటు వేసి ఉంటే మొదటిసారి పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి, తర్వాత ఇరవై నిమిషాలు, ఆ తర్వాతే రోడ్డు మీదకు తీసుకువెళ్లాలి. ఆ సమయంలో కొంచెం పొగ, ఘాటు వాసన రావడం సహజం, బానెట్ తెరిచి ఆరుబయట చేయాలి. పౌడర్ మీద ఎక్కడైనా స్పానరు జారి పెచ్చు లేస్తే, దాని అంచులు గట్టిగా అంటుకుని ఉన్న చోటు దాకా ఎమరీ పేపరుతో రుద్ది, ఎపాక్సీ ప్రైమరు కుంచెతో అద్ది, దగ్గరి రంగు ఎనామెల్ దిద్దాలి. తీరంలో తిరిగే బండికి ఈ పని వానలు మొదలయ్యేలోపు పూర్తి కావాలి.